ఇంట్లో బాగుచేసుకున్న యెజ్డీ: ఏడేళ్ళు తోలాక

మా బండి 1992 మోడల్ యెజ్డీ రోడ్‌కింగ్ మోటార్ సైకిలు, ఏపీ 26 (నెల్లూరు జిల్లా) నంబరు. మా నాయన అల్లూరు వైపు రొయ్యల గుంటలు పెట్టిన కొత్తలో, మొదటి పంట డబ్బులతో కొన్నాడు. రెండు మూడేళ్ళకే రొయ్యలకు తెల్లమచ్చ వైరస్ వచ్చి కోస్తాలో గుంటల్లో పంటంతా ఊడ్చుకుపోయింది. మాదీ పోయింది, బండి మిగిలింది. 2004 దాకా అది గుంట గట్ల మీద ఉప్పు నీళ్ళలో తిరిగి తిరిగి, ఆ తర్వాత గొడ్లచావిట్లో వరిగడ్డి పక్కన చేరింది. 2017లో నేను దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని కావలికి తెచ్చుకున్నాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో పద్నాలుగు నెలలు పని. 2018 ఆగస్టు నుంచి తోలుతున్నాను. అప్పటి నుంచి 21 వేల కిలోమీటర్లు తిరిగింది.

బండి తయారైన వారంలో ఎవరైనా ఫొటోలు పెడతారు, నేనూ పెట్టాను. ఏడేళ్ళ తర్వాత ఆ ఫొటోలు చూసుకుంటే కొంచెం సిగ్గుగా ఉంది. వాటిలో తళతళా మెరిసిన సామాన్లు సగం ఇప్పుడు తుప్పుపట్టి ఉన్నాయి. డబ్బు ఎక్కువ పోసింది కూడా వాటి మీదే.

ముందు ఇంజన్ సంగతి. పిస్టన్ బోరులో బిగుసుకుపోయింది. ప్లగ్గు రంధ్రంలోంచి డీజిల్, కొంచెం బ్రేకాయిలు కలిపి పోసి తొమ్మిది రోజులు వదిలేశాను. రోజూ పొద్దున వెళ్ళి బండిని గేర్లో పెట్టి వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపడం, అది కదలకపోవడం. పదో రోజు 'టక్' మని వెంట్రుకవాసి కదిలింది. అక్కడ తొందరపడి సుత్తి తీసుకోకపోవడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని. లేతు షాపులో బోరు కొంచెం పెద్దది చేయించి, దానికి తగ్గట్టు 0.50 మి.మీ. ఓవర్‌సైజు పిస్టన్ వేశాను. సామాన్ల కోసం పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పాత బండ్ల సామాన్లు అమ్మే చెన్నై పుదుపేటకు రెండుసార్లు పోయాను. యెజ్డీలు తయారుచేసిన ఐడియల్ జావా కంపెనీ మైసూరులో 1996లోనే మూతపడింది కాబట్టి షోరూమ్ అన్న మాటే లేదు. పుదుపేటలో కుప్పలు తవ్వాలి, నట్టు దొరికితే పండగ. తిరుగు రైల్లో ఒళ్ళో మడ్‌గార్డు పెట్టుకుని కూర్చుంటే టీసీ టికెట్ చూసి, మడ్‌గార్డు చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

పొదుపు చేయకూడని చోట పొదుపు చేసింది క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు వైపులా ఉండే రబ్బరు ఆయిల్ సీళ్ళ దగ్గర. ఎవరి దగ్గరో ఏళ్ళ తరబడి పెట్టెలో ఉన్న 'ఒరిజినల్' సీళ్ళు వేశాను. పేరుకు కొత్తవే, రబ్బరు మాత్రం ముసలిదైపోయింది. ఆరు వందల కిలోమీటర్లు కాకముందే తెల్లపొగ. వీధిలో పిల్లలు దోమల మందు కొట్టే బండి వచ్చిందని వెంటపడేవాళ్ళు. టూ స్ట్రోక్ ఇంజన్లో క్రాంకు ఉండే అరలోకి బయటి గాలి చొరబడకూడదు. గేరుబాక్సు వైపు సీలు పోతే అక్కడి ఆయిలు పీల్చుకుని కాలుస్తుంది, పొగ వస్తుంది. రెండో వైపుది పోతే బయటి గాలి పీల్చి, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ అరుపు తగ్గదు. నాకు మొదటిది జరిగింది. మళ్ళీ ఇంజన్ దించి, కేసు విప్పి, ఈసారి సీళ్ళ మీద అచ్చు వేసిన కొలతలు చూసి బేరింగులమ్మే షాపులో మామూలు పారిశ్రామిక సీళ్ళు కొన్నాను. ధర నాలుగో వంతు. ఏడేళ్ళుగా అవే ఉన్నాయి.

ట్యాంకు లోపల తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఉండింది. గుప్పెడు పాత నట్లు లోపల వేసి, చింతపండు చిక్కగా పిసికి పోసి, రెండు రోజులు ఊపుతూ కూర్చున్నాను. మా అమ్మ వచ్చి చూసి, "చేపల పులుసుకని దాచిన పాత చింతపండ్రా అది" అని ఒకటే గొడవ. తుప్పు మాత్రం బ్రహ్మాండంగా వదిలింది. నీళ్ళతో, వంట సోడాతో కడిగి ఎండలో పెట్టి, కాఫీ తాగి వచ్చేసరికి లోపల మళ్ళీ లేత కాషాయం రంగు. సముద్రం గాలికి కడిగిన ఇనుము అరగంట ఆగదు. రెండోసారి కడిగిన వెంటనే ఆరబెట్టి, 2టీ ఆయిలు (టూ స్ట్రోక్ బండ్లకు పెట్రోల్లో కలిపేది) పోసి అన్ని మూలలకూ పట్టించాను. అది ఆగింది.

పెయింటు నేనే కొట్టాలనుకోవడం, అదీ నవంబరులో కొట్టాలనుకోవడం, రెండూ తప్పే. మనకు వానలు అప్పుడే. డ్యూకో ఆరేటప్పుడు గాలిలో తేమ ఎక్కి నల్లరంగు మీద పాల మీగడలాగా తెల్లటి పొర కట్టింది. గీకి, సంక్రాంతి దాటాక మళ్ళీ కొట్టించాను. ఛాసిస్‌కు మాత్రం పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో అంటించేది) చేయించాను. మొదటి రెండేళ్ళు చాలా బాగుంది. సైడ్ స్టాండు దగ్గర ఒక పెచ్చు లేచింది. దాని కింద నుంచి తుప్పు చాపకింద నీరులాగా పాకింది, పైన మాత్రం నున్నగా కనిపిస్తూ. గోరుతో గిల్లితే అట్టలాగా ఊడొచ్చింది. సముద్రానికి పది పన్నెండు కిలోమీటర్ల లోపల ఉన్నవాళ్ళకు నా సలహా: ఎపాక్సీ ప్రైమరు, దాని మీద పెయింటు. పోయిన చోట గీకి మళ్ళీ రాసుకోవచ్చు. ఇంకో ముచ్చట, ఆ పౌడరు మందం ఛాసిస్ నంబరులో నిండిపోయింది. ఆర్సీ రెన్యువల్‌కు పోతే అంకెలు కనపడక, అక్కడే ఎండలో కూర్చుని బ్లేడుతో గీకాల్సి వచ్చింది. కోటింగ్‌కు ఇచ్చేముందు ఆ చోట టేపు వేయించండి. రెన్యువల్ ఐదేళ్ళకోసారి ఉంటుంది. బైకులకు ఆ ఫీజు 2022 ఏప్రిల్లో 300 నుంచి 1,000 అయింది, ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025లో ఇంకా పెరిగింది, గ్రీన్ ట్యాక్స్ వేరే.

క్రోమ్ గురించి రాయాలంటే ఇప్పటికీ మనసొప్పదు. రెండు సైలెన్సర్లు, హ్యాండిల్, క్రాష్‌గార్డు కలిపి 11 వేలు ఇచ్చాను. పేరు ఎందుకులే గానీ ఆ షాపువాళ్ళు కింద రాగి, నికెల్ పూతలు సరిగా వేయకుండా పైన మెరుపు మాత్రం వేసి ఇచ్చారు. తుప్పును ఆపేది కింది నికెలే, క్రోమ్ పొర చాలా పలచన. ఎనిమిది నెలలకు ఎడమ సైలెన్సరు మీద ఆవగింజలంత మచ్చలు మొదలయ్యాయి. ఏడాదికి చెయ్యి వేస్తే గరగర.

బండి తయారైన కొత్తలో నాయనకు చూపించడానికి ఊరికి తీసుకుపోయాను. చుట్టూ తిరిగి చూసి, "పెండ్లికొడుకు మాదిరి ఉండాది సరే, గుంట గట్టెక్కుద్దా?" అన్నాడు. ఎక్కింది, సగం దాకా. వైరింగులో ఒక లూజు కనెక్షన్ ఊగి ఆగిపోయింది. తర్వాత నెలలో పాత వైరంతా పీకి కొత్తది లాగాను, ప్రతి జాయింటునూ టంకం వేసి స్లీవు తొడిగాను. వైరింగు ఖర్చు 1,800 రూపాయలు. బండికి మొత్తం అయిన 74 వేల బిల్లులో అంత చవకగా అంత మనశ్శాంతి ఇచ్చింది ఇంకోటి లేదు.

రోడ్డు మీద నన్ను నిజంగా ఏడిపించింది మాత్రం కండెన్సర్, ప్లగ్గుకు నిప్పురవ్వ ఇచ్చే ఏర్పాటులో ఒక చిన్న భాగం. 2021 మే నెల, ఉలవపాడు నుంచి బంగినపల్లి బుట్ట వెనక కట్టుకుని వస్తున్నా. తెట్టు దగ్గర టప్‌మని ఆగింది. ఇరవై నిమిషాలు చెట్టు కింద కూర్చుని కొడితే లేచింది, నాలుగు కిలోమీటర్లకు మళ్ళీ ఆగింది. ప్లగ్గు మార్చాను, కార్బరేటర్ విప్పాను, లాభం లేదు. పక్కన పంక్చర్ షాపు పెద్దాయన కాసేపు చూసి అడిగాడు.

"ఏం అబ్బయా, వేడెక్కితే ఆగతా ఉండాదా? చల్లారితే లేస్తా ఉండాదా?"

"అవును తాతా."

"అయితే పెట్రోలు కాదులే, కరెంటు. మూత తియ్."

పాయింట్ల (ప్లగ్గు కరెంటును కలిపి విడదీసేవి) మూత తీసి కిక్కు కొట్టమన్నాడు. పాయింట్లు విడిపోయేచోట నీలంగా, లావుగా నిప్పురవ్వ. కండెన్సర్ బాగుంటే అక్కడ అంత మంట రాదట. తన డబ్బాలోంచి ఏదో పాత స్కూటర్ కండెన్సర్ తీసి, ఇంజన్ లోపల కాకుండా బయట ఛాసిస్‌కు టేపుతో కట్టి వైరు కలిపాడు. యాభై రూపాయలు, నాలుగు మామిడికాయలు తీసుకున్నాడు. ఇంజన్ వేడి తగలదు కాబట్టి అది రెండేళ్ళు పనిచేసింది. ఇప్పుడు వేసిన కొత్తది కూడా బయటే పెట్టుకున్నా.

తోలడం ఎట్లా ఉంటుందంటే, సీటు బాగుంటుంది, బండి బరువుగా రోడ్డును పట్టుకుంటుంది, హైవే మీద అరవై డెబ్బైలో హాయి. డ్రమ్ము బ్రేకులను మాత్రం నమ్ముకోకండి, ముందు లారీకి దూరం పాటించడమే బ్రేకు. లీటరుకు 27 వస్తోంది, 2టీ ఆయిలు ఖర్చు అదనం. కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే కావడం, అదీ ఎడమవైపు ఉండడం యెజ్డీ తమాషా. లోపలికి నొక్కి తిప్పితే కిక్కు, వదిలితే గేరు. మా బావ మొదటిసారి వచ్చినప్పుడు కుడివైపు పది నిమిషాలు వెతికాడు. తాళం మర్చిపోయినా పర్వాలేదు, తెలియనివాడు స్టార్ట్ చేయలేడు. 2022లో యెజ్డీ పేరుతో కొత్త బండ్లు వచ్చినప్పటి నుంచి సిగ్నల్ దగ్గర కుర్రాళ్ళు "ఏ మోడల్ అన్నా, ఆన్‌రోడ్ ఎంత?" అంటున్నారు.

గత రెండేళ్ళ తలనొప్పి పెట్రోలు. 20 శాతం ఇథనాల్ కలిపింది వచ్చినప్పటి నుంచి పెట్రోలు పైపు గట్టిపడి చీలింది, ట్యాపులో రబ్బరు ఉబ్బింది. ఇథనాల్ తేమను లాగుతుంది, మన గాలిలో తేమకు కొదవ లేదు. పది రోజులు బండి తీయకపోతే కార్బరేటర్ అడుగున నీటిబొట్లు. అందుకని వారం దాటి ఆపితే పెట్రోలు ట్యాపు కట్టేసి, కార్బరేటర్ ఖాళీ అయ్యేదాకా నడిపి వదిలేస్తున్నా. కార్బరేటర్లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాక ఇంజన్ మునుపటంత వేడెక్కడం లేదు.

సైలెన్సర్ లోపలి గొట్టాలు ఏడాదికోసారి తీసి కాల్చాలి, నల్లటి జిగట మసి గడ్డకట్టి ఊపిరి ఆడనివ్వదు. మురికి పని, చొక్కా పోతుంది. తుమ్మలపెంట బీచికి పోయి వస్తే మాత్రం ఎంత రాత్రైనా మంచినీళ్ళతో కడిగి, 2టీ ఆయిలు అద్దిన గుడ్డతో తుడిచి పడుకుంటా.

పోయిన నెల ఎడమ సైలెన్సరును గీకి నల్ల హీట్ పెయింటు కొట్టేశాను, 340 రూపాయలు. కుడిది వచ్చే ఆదివారం. నాయనకు చూపిస్తే, "మొదట్నే కొట్టుంటే ఆ పదకొండు వేలకు గుంట మోటారు వైండింగ్ అయ్యేది గదరా" అన్నాడు.