కరెంటు వచ్చాకే అసలు మోత: చప్పుడు చేయని ఇన్వర్టర్ కోసం వెతికి, చాలాకాలం వాడాక

ఇంటికి ఇన్వర్టర్ కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది ఎన్ని గంటలు వస్తుందని. ఆ తర్వాత బ్యాటరీ ఎన్నేళ్లు మన్నుతుందని. ఎంత చప్పుడు చేస్తుందని అడిగేవాళ్లు తక్కువ. మా ఇంట్లో మాత్రం ఆ ప్రశ్నే ముందు. అమ్మది కోడికునుకు, గోడ అవతల గుయ్‌మన్నా లేచి కూర్చుంటుంది. నేను రాత్రిపూట ఆడియో ఎడిటింగ్ చేస్తాను కాబట్టి సన్నని రొద కూడా చెవిలో పడుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీతో పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, కంప్యూటర్ కోసం ఒక ఆన్‌లైన్ యూపీఎస్, ఇప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్న ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ - ఇవన్నీ వాడాను. ఈ సమీక్ష ముఖ్యంగా చివరిదాని గురించే. మిగతావి పోలిక కోసం చెబుతున్నాను.

ముందు ఒక సంగతి. కరెంటు పోయిన గంటలో ఇన్వర్టర్ ఎలా ఉంటుందో అందరూ గమనిస్తారు. కానీ రాత్రి నిద్ర చెడేది కరెంటు తిరిగొచ్చాక. బ్యాటరీ నిండేదాకా ఛార్జర్ పనిచేస్తూనే ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మోడల్ అయితే అది మూలుగుతూనే ఉంటుంది. గంటసేపు కరెంటు పోతే ఆ తర్వాత మూడు నాలుగు గంటలు ఈ మోత భరించాలి. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప రేకులు అయస్కాంత ప్రభావానికి అతి స్వల్పంగా సాగి ముడుచుకుంటాయి. సరఫరా 50 హెర్ట్జ్ అయితే ఆ అదురు 100 హెర్ట్జ్‌లో, 60 అయితే 120లో వినిపిస్తుంది. ఇంత కింది స్థాయి శబ్దానికి గోడలు, తలుపులు పెద్దగా అడ్డు రావు. పక్క గదిలో పెట్టినా వినిపించడానికి కారణం అదే.

పాత ఇన్వర్టర్ చెక్క అలమరలో ఉండేది. ఛార్జింగ్ మొదలవగానే అలమర మొత్తం దానితోపాటు పలికేది. ఇన్వర్టర్ పైరేకు మీద అరచెయ్యి ఆనిస్తే సగం మోత తగ్గేది, తీస్తే మళ్లీ మొదలయ్యేది. ఒక మూల స్క్రూ వదులైనందువల్ల రేకు కూడా అదిరేది. స్క్రూ బిగించి, కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేసి, నేలమీదికి దించితే చాలా తేడా వచ్చింది. కొత్తది కొనే ఆలోచన లేనివాళ్లు ముందు ఈ పని చేసి చూడండి, ఖర్చు దాదాపు ఉండదు.

స్క్వేర్ వేవ్‌లో ఇంకో బాధ ఉంది. ఇన్వర్టర్ దాని మానాన అది ఉన్నా, ఫ్యాన్లు గుర్రుమంటాయి. మోటారుకు కావలసిన నున్నని తరంగం బదులు మెట్లుమెట్లుగా కరెంటు అందడమే దీనికి కారణం. ప్యూర్ సైన్ వేవ్‌కి మారిన మొదటి రాత్రే ఫ్యాన్ శబ్దం మామూలైపోయింది. నిశ్శబ్దం కోరుకునేవాళ్లు ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు.

ఆన్‌లైన్ యూపీఎస్ సంగతి త్వరగా చెప్పేస్తాను. అది కరెంటు ఉన్నా లేకున్నా ఏసీని డీసీగా, మళ్లీ ఏసీగా మారుస్తూనే ఉంటుంది. వేడి ఆగదు కాబట్టి దాన్ని చల్లబరిచే లోపలి ఫ్యాన్ కూడా ఆగదు. కరెంటు పోయినప్పుడు క్షణం కూడా అంతరం రాదన్నది నిజమే, కానీ ఇంట్లో కంప్యూటర్‌కి అంత అవసరం లేదు. మామూలు కంప్యూటర్ పవర్ సప్లై సుమారు 16 మిల్లీసెకన్లు తనంతట తాను నిలదొక్కుకుంటుంది. ఇన్వర్టర్‌లో యూపీఎస్ మోడ్, అంటే కరెంటు పోగానే వేగంగా బ్యాటరీకి మారే సెట్టింగ్ పెడితే చాలా మోడళ్లు 10 మిల్లీసెకన్లలోపే బ్యాటరీకి మారిపోతాయి. నా కంప్యూటర్ ఇప్పటిదాకా ఆ మార్పులో ఎప్పుడూ ఆగిపోలేదు.

ఇక ఇప్పుడు వాడుతున్నది. ఎంచుకునేటప్పుడు డబ్బామీది డెసిబెల్ అంకెకి నేను పెద్ద విలువ ఇవ్వలేదు. ఆ కొలత సాధారణంగా ఒక మీటరు దూరం నుంచి తీస్తారు, ఎంత లోడ్ మీద, అంటే ఎన్ని వాట్లు వాడుతుండగా తీశారో చాలాసార్లు రాయరు. సగం లోడ్‌లో ఫ్యాన్ ఆగి ఉన్న యంత్రమూ, నిండు లోడ్‌లో హోరెత్తే యంత్రమూ ఒకటే కావచ్చు. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు శబ్దంలా తోస్తుంది. కాబట్టి నా లెక్క వేరే: మనకు కావలసిన లోడ్ యంత్రం సామర్థ్యంలో మూడోవంతు దాటకూడదు. అప్పుడు లోపల వేడి పుట్టేదే తక్కువ, ఫ్యాన్‌కి తిరగాల్సిన పని పడదు.

మా రాత్రి లోడ్ ఇది. తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, ఒక్కోటి 30 వాట్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు ఒక్కోటి 9 వాట్లు, ల్యాప్‌టాప్ 60, రౌటర్ 12. మొత్తం 170 వాట్లకు కాస్త అటూ ఇటూ. ఇన్వర్టర్ 1000 వీఏ (వోల్ట్ ఆంపియర్లు). వీఏ అంటే వాట్లు అనుకోవద్దు, పవర్ ఫ్యాక్టర్ (వీఏలో వాట్లుగా దక్కే వంతు) 0.8 అయితే దక్కేది 800 వాట్లే. అయినా మా లోడ్ దానికి పావువంతు లోపే. బ్యాటరీ 12.8 వోల్టులు, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్స్), రెండూ గుణిస్తే 1280 వాట్ అవర్స్. మార్పిడిలో పోయేది 15 శాతం అనుకున్నా ఆరుగంటలు దాటాలి. మేం బ్యాటరీని అడుగంటా వాడం కాబట్టి అయిదు గంటలు నిశ్చింతగా ఉంటున్నాం. ఈ లోడ్ మీద ఇన్వర్టర్ లోపలి ఫ్యాన్ తిరగడం నేను ఇంతవరకు వినలేదు. మిక్సీ వేస్తే మాత్రం వెంటనే లేస్తుంది, ఆపాక కూడా కొద్దిసేపు తిరుగుతుంది. పగటిపూట అది ఎవరికీ పట్టదు.

దీంట్లో నాకు బాగా నచ్చినది ఛార్జింగ్ కరెంటును మనమే తగ్గించుకునే వీలు. 15 ఆంపియర్ల నుంచి 10కి దించితే బ్యాటరీ నిదానంగా నిండుతుంది, కానీ రాత్రంతా ఫ్యాన్ ఊసే ఉండదు. కరెంటు రోజుకు ఎన్నోసార్లు పోయే ఇంట్లో ఇలా కుదరదు, బ్యాటరీ నిండేలోగానే మళ్లీ పోతుంది. కొనేటప్పుడు ఈ సెట్టింగ్ ఉందో లేదో తప్పక అడగండి. వీలైతే సగం ఖాళీ అయిన బ్యాటరీ తగిలించి, ఛార్జ్ అవుతుండగా పక్కన నిలబడి వినండి.

చప్పుడు వినపడకూడదని ఇన్వర్టర్‌ని మూసిన అలమరలో బిగించేవాళ్లను చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయొద్దు. గాలి ఆడక వేడెక్కితే ఫ్యాన్ ఇంకా ఎక్కువ తిరుగుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. పైగా ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, మూసిన చోట అది ప్రమాదం. జనరేటర్‌ని వరండాలోకో గ్యారేజీలోకో తెచ్చి తలుపులు వేయడం ఇంకా ఘోరం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

ఇబ్బందులు లేకపోలేదు. ఓల్టేజీ ఊగిసలాడే రాత్రుల్లో కరెంటుకీ బ్యాటరీకీ మధ్య మార్చే లోపలి స్విచ్, అదే రిలే, టక్కుటక్కుమంటుంది. ఇన్వర్టర్ ఒప్పుకునే ఓల్టేజీ పరిధిని సెట్టింగ్‌లో వెడల్పు చేస్తే ఇది తగ్గింది, కానీ అప్పుడు యూపీఎస్ మోడ్ పనిచేయదు, కంప్యూటర్ వాడేవాళ్లు రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. కరెంటు ఉన్నా లేకున్నా ఇన్వర్టర్ తనకోసం కొంత కరెంటు తాగుతూనే ఉంటుంది. ఇంటర్నెట్ ఒక్కటీ చాలనుకునే వాళ్లకి ఇంత పెద్దది దండగ. రౌటర్‌కి నేరుగా 12 వోల్టుల డీసీ ఇచ్చే అరచేయంత యూపీఎస్ దొరుకుతుంది, దాంట్లో ఫ్యాన్ లేదు, ట్రాన్స్‌ఫార్మర్ లేదు, చెవి ఆనించినా ఏమీ వినపడదు. అమ్మ గదిలో నేను అదే పెట్టాను.

దుమ్ము విషయం కూడా చెప్పాలి. గాలి రంధ్రాలకు దుమ్ము పట్టినకొద్దీ మిక్సీ తర్వాత ఫ్యాన్ తిరిగే సమయం పెరుగుతూ వచ్చింది. ఇన్వర్టర్ పూర్తిగా ఆపి, మెత్తటి బ్రష్‌తో రంధ్రాలు శుభ్రం చేశాక మళ్లీ మునుపటిలా అయింది. ఇప్పుడు అప్పుడప్పుడూ చేస్తున్నాను.

నా అసలు ఫిర్యాదు బీప్ గురించి. కరెంటు పోయినప్పుడు వచ్చే బీప్‌ని మెనూలో ఆపొచ్చు. కానీ ఇన్వర్టర్‌ని పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేస్తే, ఉదాహరణకి దుమ్ము దులిపిన ప్రతిసారీ, ఆ సెట్టింగ్ చెరిగిపోయి బీప్ తిరిగొస్తుంది. కంపెనీకి రాశాను, ఇంకా సరిచేయలేదు. అందుకని శుభ్రం చేసిన రోజే మెయిన్ స్విచ్ ఒకసారి దించి చూసుకుని, బీప్ వస్తే మెనూలో మళ్లీ ఆపుతాను.