హైవే మీద కొట్టా, పెరట్లో కుండా: ముందు దేనికి డబ్బు పెట్టాలి?

మా బావగారిది ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారం. లెక్కలు నేను రాస్తాను. ఈ ఏడాది చేతిలో నాలుగు లక్షలు మిగిలాయి. రావులపాలెంలో హైవే పక్కన రెండో కొట్టు తెరుద్దామని ఆయన, ఆ డబ్బు రేకులు తీసే మా పెరట్లోనే పెడదామని నేను. వారం నుంచి ఇంట్లో ఇదే మాట.

కొట్టు మాట తేలిగ్గా తీసేయలేం. 16వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చేపోయే కార్లకు లోటు లేదు. పైగా 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అద్దె, అడ్వాన్సు, అద్దాల బీరువాలు, ఇద్దరు కుర్రాళ్ల జీతాలు... ఖర్చెంతో ముందే తెలిసిపోతుంది. తెరిచిన రోజు నుంచే గల్లాలో డబ్బు కనిపిస్తుంది.

కానీ ఆ కొట్లోకి రేకు ఎక్కడి నుంచి వస్తుంది? బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగితే రెప్పపాటులో రేకు తయారవుతుంది. జావ చిక్కనైతే రేకు మందం, పల్చనైతే చిల్లులు. చెయ్యి తిరగాలంటే నెలలు పడుతుంది. మాకు రేకులు తీసే ఆడవాళ్లు ఆరుగురు. పోయిన సంక్రాంతికి ఇద్దరు జ్వరంతో పడుకుంటే, ఒప్పుకున్న ఆర్డర్లు వదులుకున్నాం. ఉన్న కొట్టుకే రేకు చాలనప్పుడు రెండోది తెరిస్తే ఆ ఆరుగురి నడుం విరుగుతుంది. వాళ్లు విసిగి ఇంకొకరి దగ్గరికి వెళ్తే రెండు కొట్లూ బోసిపోతాయి.

అందుకే నేను పెరటి వైపు. ఇంకో నలుగురికి పని నేర్పాలి, నేర్చుకునే రోజుల్లోనూ కూలి ఇవ్వాలి. ఆషాఢంలో గిరాకీ తగ్గినా పాతవాళ్లకు పని ఆపకూడదు. నెయ్యి, బెల్లం వెయ్యని ఉత్త రేకులు పొడిగా ఉంటే నిల్వ ఉంటాయి కాబట్టి, తడిగాలి తగలని గది ఒకటి కావాలి. అన్నిటికంటే ముందు పొగ గొట్టం. సాయంత్రానికి వాళ్ల కళ్లు చింతనిప్పుల్లా అవుతున్నాయి, అది చూస్తూ కొట్టుకి లైట్లు కొనలేను.

లెక్కల సంగతీ ఉంది. మేం జీఎస్టీలో చిన్న వ్యాపారులకుండే కాంపోజిషన్ పద్ధతి కింద ఉన్నాం. అమ్మకం మీద 1 శాతం కట్టేస్తే సరిపోతుంది గానీ, వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. హైదరాబాద్ నుంచి పార్సిల్ అడిగేవాళ్లకు పంపాలంటే మామూలు పద్ధతిలోకి మారాలి. అప్పుడు ప్రతి బిల్లూ, కొన్న ప్రతి డబ్బా నెయ్యీ చిట్టాలో ఉండాలి. ఇప్పుడు సగం లెక్క మా అక్క నోటికి చెబితే నేను రాసుకుంటున్నాను.

మా పేరు ఇంకొకరికిచ్చి అమ్మించుకోవచ్చని కూడా ఒకరు సలహా ఇచ్చారు. రేకు ఎవరు చుడుతున్నారో చూసుకోలేని చోట పేరు ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

రేకు మిగిలిపోయి అమ్మకం జరక్కపోతే మాత్రం, కొట్టు అద్దెకు తీసుకోమని నేనే చెప్పేదాన్ని. నిన్న రాత్రి బావగారు ఆ మాట వచ్చే సంక్రాంతి దాకా వాయిదా వేశారు. రేపు పొద్దున గొట్టం కొలతలు తీసుకోవడానికి పనివాడు వస్తున్నాడు.