వరుసలోనే తేడా: ఇంగ్లండ్, నెదర్లాండ్స్ గర్భ పరీక్షలు

డౌన్, ఎడ్వర్డ్స్, పటావ్ సిండ్రోమ్‌ల (బిడ్డలో ఒక క్రోమోజోము ఎక్కువై వచ్చే సమస్యలు) కోసం రెండు దేశాలూ కోరిన గర్భిణికి ఉచితంగానే పరీక్ష చేస్తాయి. తేడా అంతా ఏది ముందు అన్నదాంట్లోనే.

ఇంగ్లండ్‌లో ముందు కంబైన్డ్ టెస్ట్. సుమారు 11 నుంచి 14 వారాల మధ్య స్కానింగ్‌లో బిడ్డ మెడ వెనక నీటిపొర మందం కొలుస్తారు. దానికి తల్లి రక్తంలోని రెండు పదార్థాల మోతాదు, ఆమె వయసు కలిపి లెక్క కడతారు. బిడ్డకు ఆ సమస్య ఉండే అవకాశం 150లో 1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే, 2021 జూన్ నుంచి నిప్ట్ (NIPT) కూడా చేయించుకోవచ్చు; అది తల్లి రక్తంలో కలిసిన డీఎన్‌ఏను చదివే పరీక్ష. “100లో 1” అన్న కాగితం చేతికొస్తే గుండె గుభేలుమంటుంది. నిజానికి అలాంటి 100 మందిలో 99 మంది బిడ్డలకు ఆ సమస్య ఉండదు.

నెదర్లాండ్స్‌లో నేరుగా నిప్టే. 2017 ఏప్రిల్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చినప్పుడు 175 యూరోలు కట్టాల్సి వచ్చేది, 2023 ఏప్రిల్ నుంచి ఉచితం. మిగతా క్రోమోజోముల్లో తేడా కనిపిస్తే చెప్పాలా వద్దా అన్నది కూడా తల్లి ఇష్టమే.

నాకు డచ్చివాళ్ల పద్ధతే నచ్చింది. ఉత్తుత్తి భయాలు తక్కువ. కాకపోతే ఒక మెలిక: నిప్ట్ చదివే డీఎన్‌ఏ మాయ నుంచి వచ్చేది. మాయ, బిడ్డ ప్రతిసారీ ఒకేలా ఉండవు. అందుకే పాజిటివ్ వచ్చినా, ఉమ్మనీరో మాయ ముక్కో తీసి చూస్తేగానీ ఖాయం కాదు. పైగా మెడ పొర మందంగా ఉంటే గుండె లోపాల అనుమానం కూడా ఆ స్కానింగ్‌లోనే రావచ్చు. రక్తపరీక్షకు అది దొరకదు.