యూరోర్యాక్‌లో పికో: మూడేళ్లు వాడాక

యూరోర్యాక్ అంటే మాడ్యూళ్లు కలిపి కట్టుకునే సింథసైజర్. నా దాంట్లో క్లాక్ డివైడర్, సీక్వెన్సర్, క్వాంటైజర్ (వోల్టేజీని దగ్గరి స్వరానికి సర్దేది) మాడ్యూళ్లు మూడింటికీ రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డునే వాడుతున్నాను. వేగం సంగతిలో వంక పెట్టడానికేం లేదు. దాని చిప్ ఆర్‌పీ2040లో 133 మెగాహెర్ట్జ్ కోర్లు రెండున్నాయి. ఒకటి స్క్రీన్, నాబ్‌లు చూసుకుంటే రెండోది క్లాక్ తప్పకుండా నడిపిస్తుంది. చిక్కంతా ఏడీసీతోనే, అంటే వోల్టేజీని అంకెగా మార్చే భాగంతోనే.

పిచ్‌ని వోల్టేజీతో చెప్పే వోల్టుకో ఆక్టేవ్ లెక్కన సెమీటోన్‌కి 83.3 మిల్లీవోల్టులు. −5 నుంచి +5 వోల్టుల దాకా 4096 మెట్లుగా పంచితే మెట్టుకి 2.44 మిల్లీవోల్టులు, కాగితం మీద భేషుగ్గా ఉంటుంది. నాబ్‌ని మెల్లగా తిప్పుతూ సీరియల్ మానిటర్ చూడండి: 512, 1536, 2560, 3584 దగ్గరికి రాగానే అంకె మొండికేసి కూర్చుంటుంది, ఇంకాస్త తిప్పాకే కదులుతుంది. ఇది చిప్‌లోనే ఉన్న లోపం, సగటు తీసినా పోదు. క్వాంటైజర్‌కి సర్దుకుపోవచ్చు. పిచ్‌ని ఉన్నదున్నట్టు దాటించాల్సిన చోట మాత్రం ఎంసీపీ3208 లాంటి విడి ఏడీసీ పెట్టాల్సిందే. మామూలు నాయిస్‌కి జీపీఐఓ 23 పిన్‌ని హైలో ఉంచండి, బోర్డు మీది రెగ్యులేటర్ రిపుల్ తగ్గుతుంది. పికో డబ్ల్యూలో ఆ పిన్ వేరే పనికి పోయింది.

పిన్‌లు 5 వోల్టులు తట్టుకోవు. సీవీ (కంట్రోల్ వోల్టేజీ) ఇన్‌పుట్‌కి 3.3 వోల్టులతో నడిచే ఎంసీపీ6002 ఆప్‌ఆంప్‌ని ఇన్వర్టింగ్‌గా కట్టండి: ఇన్‌పుట్‌లో 100కె, ఫీడ్‌బ్యాక్‌లో 33కె, −10 వోల్టుల రిఫరెన్స్ నుంచి 200కె. +5కి 0, −5కి 3.3 వస్తుంది, తలకిందుల్ని కోడ్‌లో తిప్పుకోండి. గేట్ (ఆన్/ఆఫ్ సిగ్నల్) ఇన్‌పుట్‌కి బీసీ547 ట్రాన్సిస్టర్ చాలు: బేస్‌కి 100కె, కలెక్టర్ నుంచి 3.3కి 10కె, నెగటివ్ వోల్టేజీ వస్తే కాచుకోవడానికి బేస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఒక 1ఎన్4148 డయోడ్.

పిచ్ అవుట్‌పుట్‌కి ఎంసీపీ4822 అనే డాక్, అంటే అంకెను వోల్టేజీగా మార్చే చిప్. గెయిన్ 2లో మెట్టుకి సరిగ్గా 1 మిల్లీవోల్టు, నాలుగు ఆక్టేవ్‌లు. చాలామంది పడే గొయ్యి ఇక్కడే ఉంది. ఆ చిప్‌కి 5 వోల్టులిస్తే లాజిక్ హై 3.5 దాటాలి, పికో ఇచ్చేది 3.3. బల్ల మీద పనిచేస్తుంది, ర్యాక్‌లో ఎప్పుడో ఒక స్వరం ఎగిరిపోతుంది. మధ్యలో 3.3ని 5కి పెంచే 74హెచ్‌సీటీ125 బఫర్ పెడితే ఆ బెడద ఉండదు.

ఆర్డుయినో నానో 5 వోల్టులకి అలవాటుపడ్డ బోర్డే, కానీ ర్యామ్ 2 కిలోబైట్లు. 128×64 ఓలెడ్ బఫర్ ఒక్కటే అందులో సగం మింగుతుంది. రివర్బ్, గ్రాన్యులర్ లాంటివి కావాలంటే పికోని పీడించకండి, ఎఫ్‌పీయూ (దశాంశ లెక్కలు వేగంగా చేసే భాగం) లేదు పాపం. డైసీ సీడ్ తీసుకోండి, ఆడియో కోడెక్, 64 మెగాబైట్ల ర్యామ్ బోర్డు మీదే ఉంటాయి. పికో 2లో ఎఫ్‌పీయూ వచ్చింది, ఏడీసీ మొండితనమూ పోయింది. తొలి విడత చిప్‌లలో మాత్రం లోపలి పుల్‌డౌన్‌ని (పిన్‌ని సున్నా దగ్గర పట్టి ఉంచే రెసిస్టర్‌ని) నమ్మకుండా బయట 8.2కె లేదా అంతకన్నా తక్కువ రెసిస్టర్ వేయండి.

పవర్ విషయంలో, ర్యాక్ 5 వోల్టుల్ని షాట్కీ డయోడ్ గుండానే పికో వీసిస్ పిన్‌కి ఇవ్వండి. లేదంటే యూఎస్‌బీ పెట్టినప్పుడు రెండు సప్లైలూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

పిచ్ అవుట్‌పుట్ ట్యూనింగ్‌కి 0, 1, 2, 3, 4 వోల్టుల దగ్గర మల్టీమీటర్‌తో కొలిచి ఫ్లాష్‌లో దాచుకోండి, మధ్యవి కోడ్ లెక్కేస్తుంది. ఫ్లాష్ చెరిపేటప్పుడు రెండో కోర్‌ని కూడా ఆపాలి, కాబట్టి ఆ కాసేపు క్లాక్ తడబడుతుంది. సేవ్ బటన్‌ని క్లాక్ ఆగి ఉన్నప్పుడే పనిచేసేలా రాసుకోండి.