సీమ్ ఉన్న రెడ్యూసర్లు: కొన్నేళ్లు వాడాక

పరవాడలోని ఒక బల్క్ డ్రగ్ ప్లాంట్‌లో యుటిలిటీ లైన్ల మెయింటెనెన్స్ నాది. కూలింగ్ వాటర్ లైన్లు 6 అంగుళాల నుంచి 4 అంగుళాలకు దిగే ప్రతిచోటా 304ఎల్ స్టెయిన్‌లెస్ స్టీల్ రెడ్యూసర్లు (పెద్ద పైపును చిన్నదానికి కలిపే ముక్కలు) వేశాం. షెడ్యూల్ 10ఎస్ (అంటే పలచటి గోడవి), అన్నీ ప్లేటు చుట్టి పొడవునా వెల్డ్ చేసినవే, ఆ వెల్డ్ గీతనే సీమ్ అంటాం. సీమ్‌లెస్ (వెల్డ్ అతుకు లేనివి) తీసుకోమని కొందరు అన్నారు. నాలుగైదు బార్ల ప్రెషర్ కూడా దాటని నీళ్ల లైనుకు అంత డబ్బు దండగని అప్పుడన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

బలం విషయంలో వంక పెట్టడానికి లేదు. ఈ లైన్లలో లీకులు వచ్చాయంటే గ్యాస్కెట్ల దగ్గరే.

తేడా అంతా లోపలి వైపు కనిపించింది. మొన్నటి షట్‌డౌన్‌లో స్పూల్స్ (విప్పి తీయగలిగే పైపు ముక్కలు) విప్పి టార్చి వేసి చూశాం. ఒకే లైను, అవే నీళ్లు. ఒక లాట్ రెడ్యూసర్లలో సీమ్ ఎక్కడుందో వేలితో తడిమితేగానీ తెలియలేదు. ఇంకో లాట్‌లో సీమ్‌కు రెండు పక్కలా గోధుమరంగు చార, దాని మీద గుండుసూది మొనంత గుంటలు. ఆ లాట్ పంపిన సప్లయర్ వెల్డింగ్ తర్వాత పిక్లింగ్ (యాసిడ్‌తో రంగు పొర తీసేయడం) సరిగా చేయలేదు. వేడికి రంగు మారిన పొర కింద క్రోమియం తగ్గిపోతుంది, నీళ్లలోని క్లోరైడ్ ముందు అక్కడే తినడం మొదలుపెడుతుంది. సర్టిఫికెట్‌లో మాత్రం రెండు లాట్లకూ గ్రేడ్ ఒకటే!

అందుకే ఇప్పుడు మెటీరియల్ స్టోర్స్‌కి రాగానే మొదట లోపలికి టార్చి వేస్తాం. సీమ్ దగ్గర నీలం, గోధుమ రంగు ఛాయ కనిపిస్తే వెనక్కే. తర్వాత థిక్‌నెస్ మీటర్. 6 అంగుళాల వైపు 3.40 మి.మీ. ఉండాలి, ఏఎస్ఎంఈ బి16.9 (ఫిట్టింగుల కొలతల స్టాండర్డ్) ప్రకారం 12.5 శాతం తగ్గుదల ఒప్పుకుంటారు కాబట్టి 2.98 దాకా సరే. పొడవు 140 మి.మీ. రావాలి. మూతి గుండ్రంగా ఉందో లేదో కూడా చూడండి. కోడిగుడ్డు ఆకారంలో ఉంటే ఫిట్టర్ సుత్తితో సర్దుతాడు, ఒకపక్క పైపు అంచు లోపలికి మెట్టులా మిగిలిపోతుంది. పలచటి 10ఎస్ గోడకు ఇది పెద్ద తలనొప్పి, ఆర్గాన్ రూట్ (అతుకులో అన్నిటికన్నా లోపలి మొదటి వెల్డ్ వరస) ఎంత మంచి వెల్డర్‌కైనా సరిగ్గా కుదరదు.

సీమ్‌కి ఎక్స్-రే కూడా కావాలనుకుంటే పర్చేజ్ ఆర్డర్‌లో డబ్ల్యూపీ304ఎల్-డబ్ల్యూఎక్స్ (304ఎల్ ఫిట్టింగ్, వెల్డ్‌లన్నిటికీ ఎక్స్-రే అని అర్థం) అని రాయించండి. ఉత్త డబ్ల్యూ అంటే వెల్డ్ చేసినదని, ప్రతి వెల్డ్‌కూ రేడియోగ్రఫీ (ఎక్స్-రే) ఉంటుందని కాదు. మా లైన్లకు డబ్ల్యూ చాలు.

పంపు సక్షన్ (పంపులోకి నీళ్లు వచ్చే వైపు) గురించి ఒక మాట. ఒక పంపుకి ఎరెక్షన్ కాంట్రాక్టరు అడ్డంగా వచ్చే సక్షన్ లైనులో కాన్సెంట్రిక్ (రెండు మూతుల మధ్యలూ ఒకే గీతలో ఉండే) రెడ్యూసర్ పెట్టి వెళ్లిపోయాడు. పెద్ద మూతి పైభాగంలో గాలి చేరి పంపు గరగరమని ఒకటే మోత, ప్రెషర్ గేజ్ ముల్లు ఊగిసలాట. కోసేసి ఎక్సెంట్రిక్ (ఒకవైపు చదునుగా ఉండే) రెడ్యూసర్ వేశాం, చదునైన వైపు పైకి పెట్టి. దాంతో నెమ్మదించింది. అయితే లైను పై నుంచి నిలువుగా దిగి ఎల్బో తిరిగి నేరుగా పంపులోకి వెళ్తుంటే చదును కిందికి ఉన్నా పరవాలేదు, గాలి తిరిగి పైకే పోతుంది. పైప్ ర్యాక్ మీదైతే ఎలాగూ చదును కిందికే పెడతాం, పైపులన్నీ సపోర్టు మీద ఒకే మట్టంలో కూర్చోవాలి కదా.

ఇంకో అలవాటు కూడా చేసుకున్నాం. అడ్డంగా ఉండే లైన్లలో సీమ్‌ని అడుగు భాగానికి రానివ్వం, లైను ఆగినప్పుడు నీళ్లు నిలిచేది అక్కడే. పక్క పైపు సీమ్‌తో ఒకే గీతలోకి కూడా రాకుండా కాస్త తిప్పి ట్యాక్ (చుక్క వెల్డ్) వేస్తాం.

కార్బన్ స్టీల్ చిన్న సైజులకైతే ఈ వాదన వర్తించదు. 6 అంగుళాల లోపు ఏ234 డబ్ల్యూపీబీ (కార్బన్ స్టీల్ ఫిట్టింగుల గ్రేడ్) సీమ్‌లెస్ రెడ్యూసర్లు షాపుల్లో మామూలుగానే దొరుకుతాయి, వాటినే తీసుకోండి. సైట్‌లో పైపు మూతిని ముక్కలుగా చీల్చి, వంచి, వెల్డ్ చేసి ఇచ్చే సరుకును మాత్రం డ్రెయిన్ లైనుకైనా వాడను.