పొడపత్రి పొడికి ల్యాబ్ 'హెర్బల్ ప్యాకేజీ': ఏది పనికొస్తుంది, ఏది రాదు

షుగర్‌కని పొడపత్రి, తిప్పతీగ, నేరేడు గింజలు కలిపి పొడి అమ్మేవాళ్లకు ప్రైవేటు ల్యాబ్‌లు ఒకే ప్యాకేజీ ఇస్తుంటాయి: తేమ, బూడిద, లోహాలు, సూక్ష్మజీవులు, చివర్లో 'ఎఫికసీ' (మందు పనిచేస్తుందా అన్నది) పేరుతో ఒకట్రెండు పరీక్షలు. భద్రత పరీక్షలకు పెట్టిన డబ్బు వృథా పోదు. ఎఫికసీ పేజీ మాత్రం ఎక్కువగా లేబుల్ మీద వేసుకోవడానికే.

లోహాల సంగతి ముందు. పొడిని నైట్రిక్ యాసిడ్‌లో, మూత బిగించిన పాత్రలో మైక్రోవేవ్‌తో కరిగించి ఐసీపీ-ఎంఎస్‌లో, అంటే అతి కొద్ది లోహాన్నైనా కొలిచే యంత్రంలో, చూడాలి. మఫిల్ ఫర్నేస్ అనే కొలిమిలో కాల్చి ఆ బూడిదను పరీక్షిస్తే పాదరసం ముందే ఆవిరైపోతుంది, రిపోర్టు శుభ్రంగా వస్తుంది. పరిమితులు పీపీఎంలలో (కిలోకి మిల్లీగ్రాములు): సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3. రిపోర్టులో 'ఎన్‌డీ' (కనబడలేదు) అని ఉంటే సంతోషించే ముందు పక్కన 'ఎల్‌ఓక్యూ' (ఆ పద్ధతి నమ్మకంగా కొలవగల కనీస మోతాదు) ఎంతో చూడండి. కాడ్మియానికి అది 0.5 అయితే, 0.3 పరిమితి దాటిందో లేదో ఆ కాగితం చెప్పలేదు. ఇక లోహాలతో చేసే భస్మాలు, రససింధూరం కలిసిన మందుల్ని ఈ అంకెలతో కొలవకూడదు. అవి కేవలం మూలికల మందులకు పెట్టినవి.

ఎవరూ పట్టించుకోని వరుస ఒకటుంది: యాసిడ్‌లో కరగని బూడిద. పొడిని కాల్చి, ఆ బూడిదను పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో మరిగించి వడకడితే మిగిలేది దాదాపు ఇసుకే. తిప్పతీగకు 3 శాతం మించకూడదు. మించిందంటే సరుకు కడగలేదు, లేదా రోడ్డు పక్కన ఆరబోశారు. సీసం ఎక్కువ వచ్చిన బ్యాచ్‌లో మొదట చూడాల్సింది ఈ అంకెనే, ఎందుకంటే రోడ్డు దుమ్ముతోపాటు సీసం కూడా వస్తుంది.

సూక్ష్మజీవుల్లో బ్యాక్టీరియా గ్రాముకు లక్ష, బూజు, ఈస్టు కలిపి వెయ్యి దాటకూడదు. ఈ.కోలి, సాల్మొనెల్లా అసలు ఉండకూడదు. ఇక్కడో తిరకాసు ఉంది. నేరేడు గింజల్లోని టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) ప్లేటు మీద బ్యాక్టీరియాను పెరగనివ్వకపోవచ్చు. అప్పుడు లెక్క సున్నా వస్తుంది, సరుకు మాత్రం శుభ్రమైనది కాదు. ఈ పొడికి 'మెథడ్ సూటబిలిటీ' (తెలిసిన బ్యాక్టీరియాను పొడిలో కలిపి, అది ప్లేటు మీద పెరుగుతుందో లేదో చూడటం) చేశారా అని అడగండి. ప్రశ్న అర్థం కాని ల్యాబ్ అయితే శాంపిల్ వెనక్కి తెచ్చుకోవడం మేలు.

గుర్తింపు పరీక్ష, అంటే హెచ్‌పీటీఎల్‌సీ, ప్యాకేజీలో ఉంటే మంచి ల్యాబ్ కిందే లెక్క. సిలికా ప్లేటు మీద మీ పొడి సారం ఒక చుక్క, పక్కనే నిర్ధారించిన అసలు మూలిక సారం ఒక చుక్క. ప్లేటు నడిచాక అనిసాల్డిహైడ్-సల్ఫ్యూరిక్ యాసిడ్ చల్లి వేడి చేస్తే రంగు చారలు తేలతాయి. రెండు వరుసల్లో చారలు ఎదురెదురుగా కలవాలి. ఫొటోలో మీ పొడి వరుస ఒక్కటే ఉంటే ఆ ఫొటో దేనికీ రుజువు కాదు. తిప్పతీగ బదులు దాని దగ్గరి చుట్టం టినోస్పోరా క్రిస్పా పొడి కలిసినా కంటికి తెలీదు.

ప్యాకేజీలో సాధారణంగా ఉండనిది, ఉండి తీరాల్సినది, ఇంగ్లిష్ మందుల కల్తీ పరీక్ష. షుగర్ పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందుల కోసం ఎల్‌సీ-ఎంఎస్ (పొడిలోని రసాయనాలను విడదీసి గుర్తుపట్టే పరీక్ష) చేయించాలి. ఆ రసాయనాలను విడదీసే గొట్టమైన మామూలు సీ18 కాలమ్‌లో మెట్‌ఫార్మిన్ సరిగ్గా నిలవదు, ద్రావకంతోపాటే మొదట్లో జారిపోయి లెక్కలోకి రాకుండా తప్పించుకోగలదు. దానికి తగ్గ పద్ధతి వాడమని ముందే రాసివ్వండి.

ఇక ఎఫికసీ. డీపీపీహెచ్ అనే ఊదా రంగు రసాయనంతో చేసే పరీక్షలో ఆ రంగు పోతే 'యాంటీ ఆక్సిడెంట్' అంటారు. మన ఇంటి టీపొడి కూడా ఆ రంగు పోగొడుతుంది. పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైమ్‌ను పొడి ఆపుతుందా అని చూసే ఆల్ఫా-గ్లూకోసిడేజ్ పరీక్ష కొంత నయం, కానీ టానిన్లు ఏ ప్రొటీన్‌కైనా అతుక్కునే రకం, కాబట్టి ఆ ఎంజైమ్‌నూ పట్టేసుకుని అబద్ధపు మార్కులు తెస్తాయి. టానిన్లు తీసేశాక కూడా ఫలితం నిలిచిందా, పక్కన అకార్బోజ్ (ఆ ఎంజైమ్‌ను ఆపే షుగర్ మందు) పెట్టి చూశారా, ఐసీ50 (ఎంజైమ్ పనిని సగానికి తగ్గించే మోతాదు) ఇచ్చారా అన్నవి చూడాలి. అన్నీ ఉన్నా అది గాజు గొట్టంలో ఫలితమే, మనిషి ఒంట్లో షుగర్ తగ్గిందనడానికి సాక్ష్యం కాదు. పొడపత్రికి ఖర్చులేని పరీక్ష వేరే ఉంది. ఆకు బాగా నమిలి, నోరు పుక్కిలించి పంచదార వేసుకుంటే తీపి తెలియదు, ఇసుక నమిలినట్టుంటుంది. జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని ఆపేయడం వల్ల అలా అవుతుంది. ఇది ఆకు అసలుదో కాదో చెబుతుంది తప్ప షుగర్ సంగతి చెప్పదు.

ఎలుకల మీద ఓఈసీడీ 423 (ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ పద్ధతిలో విషగుణం చూసే పరీక్ష) చేయించి, కిలో బరువుకు 2000 మిల్లీగ్రాముల దగ్గర చావులేదని రిపోర్టు వస్తే 'పూర్తిగా సురక్షితం' అని ముద్రిస్తున్నారు. అది ఒక్క మోతాదు ఇచ్చి 14 రోజులు గమనించే పరీక్ష. ఏళ్ల తరబడి రోజూ తాగే పొడి లివర్‌ని ఏం చేస్తుందో అందులో తెలీదు. కనీసం 28 రోజుల ఓఈసీడీ 407 కావాలి.

పంపేటప్పుడు బస్తా పైనుంచి గుప్పెడు తీసి ఇవ్వకండి. మొత్తం కలిపి కుప్పపోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసుకుని, చాలినంత మిగిలేదాకా మళ్లీ అలాగే చేయండి. సూక్ష్మజీవులకి వేరే స్టెరైల్ కవరు, అదీ అన్నిటికంటే ముందు నింపాలి. ల్యాబ్‌కి ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉంటే సరిపోదు, మీరు అడిగే పరీక్ష వాళ్ల స్కోప్‌లో (గుర్తింపు పొందిన పరీక్షల జాబితాలో) ఉందో లేదో చూడాలి. కవరు మీద బ్యాచ్ నంబరు రాయండి. 'ఈ ఫలితాలు అందిన శాంపిల్‌కి మాత్రమే వర్తిస్తాయి' అని రిపోర్టు అడుగున చిన్నక్షరాల్లో ఉంటుంది. పాత రిపోర్టు చూపించి కొత్త సరుకు అమ్మే దుకాణంలో చదవాల్సింది ఆ వాక్యమే.