ఎస్.పి. రోడ్ గైగర్ మీటర్: గ్రేని సీవర్ట్ చేసే బటన్ సంగతి

బెంగళూరు ఎస్.పి. రోడ్‌లో దొరికే చవక గైగర్ మీటర్లలో (రేడియేషన్ కొలిచే పరికరాల్లో) జే305 గాజు ట్యూబు ఉన్న రకం ఇది. కొత్త ఫ్లాట్‌లో వంటగట్టు గ్రానైట్ మీద పెట్టి చూద్దామని కొనేవాళ్లకు పనికొస్తుంది. అయితే పెట్టె మీద గొప్పగా చెప్పుకున్న ‘గ్రే–సీవర్ట్ కన్వర్షన్’ చూసి మాత్రం కొనకండి. గ్రే అంటే ఒంట్లో దిగిన రేడియేషన్ శక్తి లెక్క, సీవర్ట్ అంటే దానివల్ల కలిగే హాని లెక్క.

బటన్ నొక్కితే 0.18 మైక్రోగ్రే కాస్తా 0.18 మైక్రోసీవర్ట్ అవుతుంది. అంకె కదలదు, యూనిట్ పేరు మారుతుందంతే. గామా, ఎక్స్‌రే, బీటాల వరకు అది సరైనదే, ఎందుకంటే వాటి వెయిటింగ్ ఫ్యాక్టర్ (హానిని బట్టి గ్రేను గుణించే అంకె) 1. గ్రానైట్‌లోని పొటాషియం-40, థోరియం, యురేనియం వల్ల గట్టు పైన మీటరుకు తగిలేది ముఖ్యంగా గామాయే కనుక ఇంట్లో ఇబ్బంది లేదు.

చిక్కంతా మిగతా రేడియేషన్‌తోనే. గ్రే అంటే కిలో కణజాలంలో 1 జౌల్ శక్తి దిగడం. ఆ శక్తి ఏ కణం వల్ల దిగిందో చూసి, ఒక్కోదాన్ని దాని ఫ్యాక్టర్‌తో గుణించి, అన్నీ కూడితేనే ఆ అవయవానికి ఈక్వివలెంట్ డోసు, అంటే సీవర్ట్ అంకె, వస్తుంది. ఆల్ఫాకు 20. ప్రోటాన్‌కు 2. న్యూట్రాన్‌కు ఒకే అంకె ఉండదు, శక్తిని బట్టి మారుతుంది: థర్మల్ (బాగా నెమ్మదైన) న్యూట్రాన్‌కు 2.5, 1 ఎంఈవీ (కణాల శక్తిని చెప్పే యూనిట్) దగ్గర 20.7, 14 ఎంఈవీ దగ్గర సుమారు 7.7. ఒక అవయవానికి గామా నుంచి 2 మిల్లీగ్రే, 1 ఎంఈవీ న్యూట్రాన్ల నుంచి 0.1 మిల్లీగ్రే అందాయనుకోండి. 2×1 + 0.1×20.7 = 4.07 మిల్లీసీవర్ట్. శక్తిలో ఇరవయ్యో వంతు కూడా లేని న్యూట్రాన్లు మొత్తంలో సగం దాటాయి చూడండి. ఈ ట్యూబుకు న్యూట్రాన్లు దాదాపు కనిపించవు, ఆల్ఫా గాజు దాటి లోపలికే రాదు. ఇక బటన్ దేన్ని గుణిస్తుంది?

మాన్యువల్ వెనక పట్టికలో ప్రోటాన్‌కు 5 అని ఉంది. అది ఐసీఆర్‌పీ (రేడియేషన్ రక్షణకు సిఫార్సులు చేసే అంతర్జాతీయ సంస్థ) 1990లో ఇచ్చిన విలువ, 2007లో 2కి తగ్గించారు. అంత పాత పట్టికను ఇంకా అచ్చు వేయడం క్షమించరానిది.

ఇంకోటి, ఈ మీటరు శక్తిని కొలవదు. రేడియేషన్ తగిలినప్పుడల్లా ట్యూబులో పుట్టే విద్యుత్ పల్సులు లెక్కపెట్టి, సీజియం-137 గామాకు (662 కేఈవీ, అంటే 0.662 ఎంఈవీ) సరిపోయే అంకెతో డోసుగా చూపిస్తుంది. తక్కువ శక్తి ఎక్స్‌రేల దగ్గర అసలు కంటే బాగా ఎక్కువ చూపొచ్చు. ఎక్స్‌రే మెషిన్ క్షణంలో ఒక్కసారిగా వదిలే కిరణాల దగ్గర ట్యూబు ఉక్కిరిబిక్కిరై తక్కువా చూపొచ్చు. అందుకే ఎక్స్‌రే గదుల్లో పనిచేసేవాళ్లు టీఎల్‌డీ బ్యాడ్జీకి (ఒంటికి అందిన డోసును నమోదు చేసేది) బదులు దీన్ని జేబులో వేసుకోకూడదు.

గ్రానైట్ చూసేటప్పుడు ఒక్క నిమిషం రీడింగు నమ్మకండి. నిమిషానికి 25 పల్సులు వస్తే అందులో 5 అటూ ఇటూ, అంటే 20 శాతం తేడా మామూలే. పది నిమిషాలు ఉంచితే 250 పల్సులు, తేడా 6 శాతానికి దిగుతుంది. ముందు గట్టుకు దూరంగా గది మధ్యలో పది నిమిషాలు, తర్వాత రాయికి ఆనించి పది నిమిషాలు పెట్టి, రెండో దాంట్లోంచి మొదటిది తీసేయండి. ట్యూబు ఉన్న వైపే రాయికి ఆనాలి. వెనక మూత మీద సన్నటి చీలికలున్న వైపు అదే.